భానుమతీ రామకృష్ణ: నటి చేతికి వచ్చిన కెమెరా

ప్రస్తావన

1953లో 'చండీరాణి' అనే సినిమా తెలుగు, తమిళ, హిందీ భాషల్లో విడుదలైంది. మూడు భాషల్లోనూ కథానాయిక ఒకరే. ఆమె అందులో కవల అక్కచెల్లెళ్లుగా రెండు పాత్రలు ధరించారు, తన పాటలు తానే పాడుకున్నారు, దర్శకత్వం కూడా తానే వహించారు. అప్పటికి ఆమెకు ఇంకా ముప్ఫై ఏళ్లు నిండలేదు. పేరు భానుమతి. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లో 'కోయిబుమి' అనే సినిమా వచ్చింది. ఆ మాటకు ప్రేమలేఖ అని అర్థం. దాని దర్శకురాలు కినుయో తనాకా. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా తెర మీద కనిపిస్తున్న, జపాన్ ప్రజలకు ఇంటి మనిషిలాంటి నటి ఆమె.

వీరిద్దరికీ ఎలాంటి సంబంధమూ లేదు. అయినా ఈ పాఠంలో మనం భానుమతి జీవితాన్ని చదువుతూ, అవసరమైన చోట తనాకా జీవితాన్ని పక్కన పెట్టి చూస్తాం. ఒక మనిషి జీవితచరిత్రను ఒంటరిగా చదివితే ఆమె సాధించినదంతా ఆమె ప్రతిభకే జమ వేస్తాం, లేదా అదృష్టానికి వదిలేస్తాం. ఇద్దరిని పక్కపక్కన పెట్టినప్పుడు ప్రతిభతో పాటు స్టూడియో, ఒప్పందం, పెట్టుబడి, మార్కెట్ అనేవి కూడా కనిపించడం మొదలవుతుంది. నటి కెమెరా ముందు నిలబడడానికీ, కెమెరా వెనుకకు వెళ్లడానికీ మధ్య ఉన్న దూరం ఎంత, దాన్ని దాటడానికి ఆమె దగ్గర ఏమి ఉండాలి అన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

రంగస్థలం నుంచి తెర మీదకు

తెలుగు నాటక రంగంలో చాలాకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. స్థానం నరసింహారావు సత్యభామగా వేదిక మీదకు వస్తే ప్రేక్షకుల్లోని స్త్రీలు ఆయన నడకను చూసి నేర్చుకునేవారని చెప్పుకుంటారు. జపాన్‌లో పరిస్థితి ఇంకా కఠినం. అక్కడి కబుకి నాటకాల్లో స్త్రీలు నటించకూడదని 1629లోనే పాలకులు నిషేధించారు. మూకీ సినిమా వచ్చిన తొలి రోజుల్లో కూడా అక్కడ ఆడవేషాలు మగవారే వేసేవారు. 1920 ప్రాంతంలో గాని నటీమణులు తెర మీద నిలదొక్కుకోలేదు.

మన దగ్గర ఈ కట్టుబాటుకు వెలుపల ఉన్నవారు రెండు రకాలు. ఒకరు సురభి కుటుంబాల స్త్రీలు. నాటకమే కుటుంబ వృత్తి కాబట్టి భార్యాభర్తలు, పిల్లలు అందరూ వేషాలు కట్టేవారు. రెండవవారు సంగీత నాట్యాలను కులవృత్తిగా స్వీకరించిన కుటుంబాల స్త్రీలు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి మొదటి కోవకు చెందినవారు.

ఈ సందర్భంలో చరిత్ర విద్యార్థులు గమనించవలసిన చిన్న విషయం ఒకటి ఉంది. పాత పుస్తకాలన్నీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని రాశాయి. తరువాత పరిశోధకులు అప్పటి పత్రికలను, సెన్సారు వివరాలను పరిశీలించి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఎంతోమంది రాసినంత మాత్రాన ఒక తేదీ నిజమైపోదు. ఒకరిని చూసి ఒకరు రాసినప్పుడు పది పుస్తకాలు కూడా ఒకే సాక్ష్యం కింద లెక్క.

జపాన్ తొలి పూర్తి టాకీ 1931లో వచ్చింది. అందులో కథానాయిక కినుయో తనాకాయే. 1909లో షిమొనోసెకిలో పుట్టిన ఆమె, తండ్రి చిన్నతనంలోనే పోవడంతో ఒసాకాలో బివా అనే తంత్రీవాద్యం వాయించే బాలికల బృందంలో చేరి, 1924లో షోచికు స్టూడియోలో నటిగా కుదిరారు. అంటే పద్నాలుగేళ్లకే నెల జీతానికి చేరిన ఉద్యోగిని.

తండ్రి పెట్టిన షరతు

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో జన్మించారు. అప్పట్లో ఆ ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యకు శాస్త్రీయ సంగీతంలో మంచి ప్రవేశం ఉంది. కూతురికి తొలి గురువు ఆయనే. ఆమె పైన చెప్పిన రెండు కోవల్లో దేనికీ చెందరు. సినిమా వేషం అంటే ముఖం చిట్లించుకునే సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చారు. తెలుగు సినిమా సామాజిక చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

1939లో సి. పుల్లయ్య కలకత్తాలో 'వరవిక్రయం' తీశారు. కాళ్లకూరి నారాయణరావు రాసిన ప్రసిద్ధ నాటకమే ఆ సినిమాకు ఆధారం. అందులో పెద్ద కూతురు కాళింది తన పెళ్లి కోసం తండ్రి కట్నం పోయలేక పడుతున్న అవస్థ చూడలేక ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల మాత్రం, డబ్బు పోసి కొన్న వరుడు కొన్నవారి సొత్తే కదా అని పెళ్లివారిని నిలదీస్తుంది. కాళిందిగా భానుమతి, కమలగా పుష్పవల్లి నటించారు. కాళింది వేసే నాటికి భానుమతికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

కూతురిని సినిమాల్లోకి పంపుతూ తండ్రి ఒక షరతు పెట్టారు. కథానాయకుడు ఆమెను కౌగిలించుకునే దృశ్యాలు ఉండకూడదన్నదే ఆ షరతు. ఈ షరతును రెండు విధాలుగా చదవవచ్చు. ఒకటి, స్త్రీ శరీరంపై తండ్రి అధికారం. ఆమె ఎలా నటించాలో ఆమె కాక తండ్రి నిర్ణయిస్తున్నారు. రెండు, ఆ రోజుల్లో ఒక అమ్మాయి తరఫున నిర్మాత ముందు కూర్చుని ఇది చేస్తుంది, ఇది చేయదు అని ఖచ్చితంగా చెప్పే మనిషి ఉండడం. ఇంటి పోషణ కోసం వచ్చిన చాలామంది నటీమణులకు ఆ మాట అనే స్థితి లేదు. తరువాతి కాలంలో భానుమతి తన తరఫున తానే ఇలాంటి షరతులు పెట్టారు. ఆ అలవాటు మొదలైంది బహుశా ఇక్కడేనని నా అభిప్రాయం.

'మాలతీ మాధవం', 'ధర్మపత్ని', 'భక్తిమాల' వంటి సినిమాల తరువాత 1943లో 'కృష్ణప్రేమ' వచ్చింది. ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి. ఎస్. రామకృష్ణారావును ఆమె ఇష్టపడ్డారు. ఇంట్లోవారికి మొదట ఆ సంబంధం నచ్చలేదు. 1943 ఆగస్టు 8న పెళ్లి జరిగింది. పెళ్లయ్యాక సినిమాలు మానేసి గృహిణిగా ఉండిపోవాలని ఆమె అనుకున్నారు. ఇందులో వింతేమీ లేదు, ఆ తరం నటీమణుల్లో పెళ్లి అంటే వృత్తికి ముగింపే.

'స్వర్గసీమ', భరణీ

ఆమెను తిరిగి తెర మీదకు తెచ్చినవారు బి. ఎన్. రెడ్డి. వాహినీ సంస్థ 1945లో తీసిన 'స్వర్గసీమ'లో ఆమెది వీధుల్లో పాడుకుంటూ తిరిగే సుబ్బి పాత్ర. ఆ సుబ్బి క్రమంగా సుజాతాదేవి అనే నాటక తారగా మారి, నాగయ్య పోషించిన సంసారి మనసును మార్చేస్తుంది. అప్పటిదాకా కన్నీళ్ల కూతురిగా, పతివ్రతగా చూసిన ప్రేక్షకులకు ఈ కొంటె, గర్విష్ఠి స్త్రీ కొత్త. పావురాన్ని పిలుస్తూ ఆమె పాడిన పాట ఊరూరా మోగింది.

రెండో ప్రపంచయుద్ధ కాలం అది. ముడి ఫిల్ము కొరత వల్ల సినిమా నిడివి 11,000 అడుగులు మించకూడదని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. జపాన్‌లో 1939 నాటి సినిమా చట్టం ఇంకా ముందుకు పోయి, నటులూ దర్శకులూ ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుంటే తప్ప పనిచేయడానికి వీల్లేదంది. యుద్ధం ముగిశాక రెండు చోట్లా పరిశ్రమ మళ్లీ కొత్తగా మొదలైంది, కానీ మొదలైన తీరు వేరు. జపాన్‌లో పెద్ద స్టూడియోలు మళ్లీ బలపడి, నటులను తమ ఒప్పందాల్లో బిగించాయి. 1953లో ఐదు సంస్థలు కలిసి, ఒకరి దగ్గర ఉన్న నటులను, దర్శకులను ఇంకొకరు లాక్కోకూడదని ఒడంబడిక కూడా చేసుకున్నాయి. మద్రాసులో మాత్రం నెలజీతాల స్టూడియో పద్ధతి సడలుతూ వచ్చింది. పంపిణీదారుల నుంచి ముందస్తు సొమ్ము తెచ్చి, స్టూడియో అద్దెకు తీసుకుని సినిమా తీసే స్వతంత్ర నిర్మాతలు పెరిగారు. ప్రేక్షకులు గుర్తుపట్టే పేరు ఉన్న నటికి ఆ పేరే పెట్టుబడి తెచ్చిపెట్టగలిగింది.

ఈ సందులోంచే భరణీ పిక్చర్స్ పుట్టింది. భానుమతి, రామకృష్ణారావు తమ కుమారుడి పేరుతో ఆ సంస్థను నెలకొల్పి 1948లో 'రత్నమాల', 1949లో 'లైలా మజ్ను' తీశారు. రెండింటికీ దర్శకుడు రామకృష్ణారావే. లైలాగా భానుమతి, మజ్నుగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. తరువాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో కూడా వెలసింది. సొంత బ్యానరు, సొంత స్టూడియో, దర్శకుడైన భర్త, స్వరం, ముఖం, పేరు. ఇవన్నీ ఒక ఇంట్లో చేరడం తెలుగు సినిమాలో మరే నటికీ ఆ కాలంలో కుదరలేదు.

స్వరం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1940ల మధ్య నుంచి నేపథ్యగానం విస్తరించింది. పాడలేని అందగత్తెలకు అది వరమైంది, పాడగలిగే నటుల ప్రాధాన్యం తగ్గింది. భానుమతి మాత్రం చివరిదాకా తన పాటలు తానే పాడుకున్నారు. నిర్మాత ఆమెను మార్చాలంటే ముఖంతో పాటు గొంతును కూడా మార్చవలసి వచ్చేది. బేరంలో ఇది చిన్న బలం కాదు.

1949లో జెమినీ వాసన్ తీసిన 'అపూర్వ సహోదరర్గళ్', దాని హిందీ రూపం 'నిషాన్', తెలుగు రూపం 'అపూర్వ సహోదరులు' మూడింటిలోనూ ఆమే నాయిక. 1951లో 'మల్లీశ్వరి' వచ్చింది. బి. ఎన్. రెడ్డి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రి రచన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, నాగరాజుగా ఎన్. టి. రామారావు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో పల్లెటూరి పిల్ల ఒకతె సరదాగా అన్న మాట రాజు చెవిన పడి, ఇంటి ముందుకు పల్లకి వచ్చి ఆగుతుంది. రాణివాసంలోకి వెళ్లిన మనిషి మళ్లీ బయటికి రావడానికి లేదు. ఆ పల్లకిని చూసిన క్షణంలో మల్లి ముఖంలో కనిపించే భయాన్ని చూడడానికైనా ఈ సినిమాను ఒకసారి చూడాలని విద్యార్థులకు సలహా.

1953: ఇద్దరు దర్శకురాళ్లు

భారతదేశంలో స్త్రీ దర్శకత్వం వహించడం 'చండీరాణి'తో మొదలు కాలేదు. 1926లోనే బొంబాయిలో ఫాత్మా బేగం ఒక మూకీ చిత్రానికి దర్శకత్వం వహించారు. దక్షిణాదిలో, 1931 నాటి 'కాళిదాస్' నాయిక టి. పి. రాజలక్ష్మి తన సొంత నవల ఆధారంగా 1936లో తమిళంలో 'మిస్ కమల' తీశారు. విచిత్రంగా జపాన్‌లో మొదటి దర్శకురాలు తజుకో సకానె కథాచిత్రం కూడా 1936లోనే వచ్చింది. సకానెకు రెండో కథాచిత్రం తీసే అవకాశం రాలేదు. యుద్ధం తరువాత ఆమె స్టూడియోలో సహాయకురాలి స్థాయి పనికే తిరిగి వెళ్లవలసి వచ్చింది.

తెలుగులో తొలి దర్శకురాలిగా పేరు పొందినవారు భానుమతే. 'చండీరాణి' ఒక కొత్త దర్శకురాలు ఎంచుకునే సులువైన ప్రయత్నం కాదు. మూడు భాషల్లో ఏకకాలంలో తీయడమంటే ఒకే సెట్టు మీద ఒక్కో దృశ్యాన్ని మూడుసార్లు చిత్రీకరించడం. పైగా ఆమెది ద్విపాత్రాభినయం. ఆ రోజుల్లో ద్విపాత్రాభినయం చూపాలంటే ఒకే ఫిల్మును సగం మూసి తీసి, వెనక్కి తిప్పి, మిగతా సగం తీసేవారు. ఒక్క అంగుళం తేడా వచ్చినా గీత కనిపించేది. సంగీత దర్శకుడు సి. ఆర్. సుబ్బురామన్ 1952లో చిన్న వయసులోనే మరణించడంతో సంగీతాన్ని ఎం. ఎస్. విశ్వనాథన్ పూర్తిచేశారు. కథ మాత్రం రాజులు, కోటలు, కుట్రలతో నిండిన జానపదమే. ఆమె స్త్రీ జీవితంపై కొత్త మాట చెప్పడానికి కెమెరా పట్టుకోలేదు. మూడు భాషల్లో ఆడే వినోదాన్ని తానూ తీయగలనని చూపడానికే పట్టుకున్నారు.

తనాకా దారి దీనికి భిన్నం. 1949లో సౌహార్ద యాత్రకు అమెరికా వెళ్లి, 1950 జనవరిలో విదేశీ దుస్తులతో, చేతితో ముద్దులు విసురుతూ తిరిగి వచ్చినందుకు పత్రికలు ఆమెను తీవ్రంగా దుయ్యబట్టాయి. వయసు నలభై దాటుతోంది. అప్పుడే కెంజి మిజొగుచి 'ఓహారు జీవితం', 'ఉగెత్సు', 'సాన్షో' వంటి సినిమాల్లో ఆమెకు జీవితకాలపు పాత్రలు ఇచ్చారు. ఆ మిజొగుచే, ఆమె దర్శకురాలు అవుతానన్నప్పుడు అడ్డు చెప్పారు. మికియో నరుసె మాత్రం తన సినిమా షూటింగులో ఆమెను సహాయకురాలిగా చేర్చుకుని పని నేర్పారు. 'కోయిబుమి'కి కెయిసుకె కినొషిత స్క్రిప్టు రాశారు. 1955 నాటి రెండో సినిమాకు యసుజిరో ఓజు స్క్రిప్టులో పాలు పంచుకున్నారు. 1955లోనే తీసిన మూడో సినిమాలో రొమ్ము క్యాన్సరుతో మరణించిన కవయిత్రి ఫుమికో నకజో జీవితాన్ని ఆమె చూపారు. ఆ స్క్రిప్టు కూడా ఒక స్త్రీ రాసిందే. 1962 నాటికి మొత్తం ఆరు సినిమాలు తీశారు.

ఇద్దరి మధ్య తేడాను మనం ఇలా అర్థం చేసుకోవచ్చు. తనాకాకు సొంత స్టూడియో లేదు. ప్రతి సినిమాకూ పెద్ద దర్శకుల మద్దతు, ఏదో ఒక సంస్థ అంగీకారం కావాలి. అలా వచ్చిన అవకాశంలో ఆమె యుద్ధానంతర స్త్రీల బతుకుల గురించి సూటిగా సినిమాలు తీశారు. భానుమతికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ సొంత సొమ్ము పెట్టినవారికి మార్కెట్టే యజమాని. అందుకే ఆమె స్వేచ్ఛ కథ ఎంపికలో కంటే పని మీద అధికారంలో ఎక్కువగా కనిపిస్తుంది. 1954లో భరణీ వారి 'చక్రపాణి' చిత్రానికి ఆమే సంగీతం కూడా సమకూర్చారు.

పొగరు అనే మాట

1954 ప్రాంతంలో విజయా సంస్థ 'మిస్సమ్మ' తీస్తున్నప్పుడు మొదట మేరీ పాత్రకు తీసుకున్నది భానుమతినే. కొంత భాగం చిత్రీకరించారు కూడా. ఆమె షూటింగుకు ఆలస్యంగా రావడంపై నిర్మాత చక్రపాణితో వివాదం వచ్చింది. క్షమాపణ చెప్పమన్నారు, ఆమె చెప్పలేదు. తీసిన భాగాన్ని పక్కన పెట్టి, అదే సినిమాలో రెండో నాయికగా ఉన్న సావిత్రిని మేరీని చేశారు, సావిత్రి వేయవలసిన పాత్ర జమునకు వెళ్లింది. 1955 జనవరిలో విడుదలైన 'మిస్సమ్మ' సావిత్రిని అగ్రస్థానానికి తీసుకెళ్లింది. కొన్నేళ్లకు తమిళంలో ఎం. జి. రామచంద్రన్ స్వయంగా దర్శకత్వం వహించిన 'నాడోడి మన్నన్' (1958) సమయంలోనూ అభిప్రాయభేదాలు వచ్చి భానుమతి మధ్యలోనే తప్పుకున్నారు. కథలో ఆమె పాత్రను చంపేసి, బి. సరోజాదేవిని తెచ్చారు.

ఈ సంఘటనలను మన సినిమా రచనలు చాలావరకు ఆమె పొగరుకు ఉదాహరణలుగా చెబుతాయి. చరిత్ర విద్యార్థి ఇక్కడ కొంచెం ఆగాలి. షూటింగు మొదలయ్యాక కథ మార్చమని అడిగిన, ఆలస్యంగా వచ్చిన కథానాయకులకు ఇదే పరిశ్రమ ఏ పేర్లు పెట్టిందో చూడండి. పట్టుదల, పరిపూర్ణత, దర్జా. అమెరికా నుంచి వచ్చిన తనాకాను జపాన్ పత్రికలు తిట్టినప్పుడూ ఇదే కొలత పనిచేసింది. అలాగని భానుమతి ప్రతి తగవులోనూ న్యాయం ఆమె వైపే ఉందని అనుకోవలసిన పనీ లేదు. ఒక నటి ఆలస్యమైతే సెట్టు మీద వంద మంది రోజుకూలీ ఆగిపోతుంది. అయితే పాత్ర పోగొట్టుకోవడానికి సిద్ధపడి కూడా తలవంచకపోవడం, వెనక సొంత సంస్థ ఉన్న మనిషికే సాధ్యమైందన్నది గుర్తుంచుకోవాలి. నెల జీతానికి ఉన్న నటి ఆ క్షమాపణ పత్రం రాసి ఉండేది.

ఈ వివాదాలకు ప్రధాన సాక్ష్యాల్లో ఒకటి ఆమె ఆత్మకథ 'నాలో నేను'. సినిమాపై ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం పొందిన పుస్తకం ఇది. ఆత్మకథ విలువైన ఆధారమే గాని, రాసినవారు ఎప్పుడూ కథలో మధ్యనే నిలబడతారు. దశాబ్దాల తరువాత రాసినప్పుడు ఆనాటి కోపం చమత్కారంగా మారిపోతుంది. భానుమతి సహజంగానే చమత్కార రచయిత్రి. ఆమె 'అత్తగారి కథలు' తెలుగు హాస్యరచనలో ప్రత్యేకమైనవి. కోడలిని రాచి రంపాన పెట్టే సినిమా అత్తగారికి భిన్నంగా, మడీ తడీ, పచ్చళ్ల జాడీలు, అమాయకపు పెద్దరికం కలగలిసిన అత్తగారిని ఆమె సృష్టించారు. సంపాదించే కోడలు, ఇల్లు నడిపే అత్త ఒకరి మీద ఒకరు గెలవకుండా, విడిపోకుండా ఉండే ఇల్లు అది. ఆమె ఆత్మకథ కంటే ఈ కథల్లోనే ఆ కాలపు మధ్యతరగతి ఇంటి చరిత్ర ఎక్కువ నిజంగా దొరుకుతుందని కొందరు పాఠకులు అంటారు, కాదనలేం.

నైజాం ఏరియా

ఇంతవరకు మాట్లాడింది మద్రాసు గురించి. ఈ సినిమాలు చేరిన చోట్లలో మన ప్రాంతం ఒకటి. తెలుగు సినిమా వ్యాపారంలో తెలంగాణను నేటికీ 'నైజాం' అనే పిలుస్తారు. 1948లో నిజాం పాలన ముగిసింది, 1956లో హైదరాబాద్ రాష్ట్రమే విడిపోయింది, అయినా పంపిణీదారుల పద్దుల్లో ఆ సరిహద్దు చెరగలేదు. పరిపాలన పటం మారినా మార్కెట్ పటం మారకపోవడానికి ఇది మంచి ఉదాహరణ.

కోటగిరి, వర్ని, బోధన్ ప్రాంతాన్నే తీసుకుంటే, మంజీర నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఇక్కడికి కాలువ నీళ్లు వచ్చాయి. ఆ నీళ్ల వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని, పొలాల పక్కనే ఊళ్లు కట్టుకున్నారు. వాటిని ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటాం. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చాక చెరకు తోటలు, వాటితో పాటు కూలీలు, గుమస్తాలు, ఇంజనీర్లు వచ్చారు. కచేరీలో, బడిలో ఉర్దూ. ఇంట్లో తెలుగు, కొన్ని ఊళ్లలో మరాఠీ. క్యాంపుల్లో కోస్తా యాస. ఒకే సినిమాను తెలుగులోనూ హిందీలోనూ తీసే నిర్మాతకు ఇలాంటి ప్రేక్షకులు ఎంత విలువైనవారో ఆలోచించండి. 'చండీరాణి' మూడు భాషల్లో తీయడం గొప్ప కోసం చేసిన పనిగా మద్రాసు నుంచి చూస్తే అనిపించవచ్చు. బోధన్ నుంచి చూస్తే అది లెక్క తెలిసిన వ్యాపారం.

అభ్యాసం: మీ ఇంట్లో గాని, మీ ఊళ్లో గాని డెబ్బై ఐదేళ్లు దాటిన ముగ్గురిని కలవండి. వారిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. డేరా టాకీసులో తొలిసారి చూసిన సినిమా ఏది, ఎవరితో వెళ్లారు, ఏ భాషలో చూశారు, ఇంట్లో చెప్పి వెళ్లారా చెప్పకుండా వెళ్లారా, చెరకు నరికే కాలంలో సినిమాకు వెళ్లేవారా అని అడగండి. వారి మాటలను వారి యాసలోనే రాసుకోండి. వారు చెప్పిన సంవత్సరాన్ని ఆ సినిమా విడుదలైన సంవత్సరంతో పోల్చండి. తేడా వస్తే దిద్దకండి. రెండూ రాసి, తేడా ఎందుకు వచ్చి ఉంటుందో మీరు అనుకున్నది వేరుగా రాయండి. పాత సినిమా పల్లెకు చేరడానికి కొన్నేళ్లు పట్టేదన్నది మరిచిపోవద్దు.

తరువాతి జీవితం

1954 నాటి 'విప్రనారాయణ'లో భక్తుడిని దారి మళ్లించే దేవదేవి పాత్ర ఆమె ఉత్తమ నటనల్లో ఒకటి. ఆ చిత్రానికి జాతీయ స్థాయిలో యోగ్యతాపత్రం లభించింది. తమిళంలో 1956లోనే 'అలీబాబావుం 40 తిరుడర్గళుం', 'మదురై వీరన్' వచ్చాయి. ఆమెను నటనకు వ్యాకరణమని అణ్ణాదురై కొనియాడారని ప్రసిద్ధి. శరత్ నవల ఆధారంగా తీసిన 'బాటసారి' (1961), జాతీయ పురస్కారం పొందిన 'అంతస్తులు' (1965) ఆ తరువాతివి. 1966లో పద్మశ్రీ వచ్చింది.

దర్శకత్వం విషయానికి వస్తే, 'చండీరాణి' తరువాత చాలాకాలం భరణీ చిత్రాలకు దర్శకుడిగా రామకృష్ణారావు పేరే కనిపిస్తుంది. ఆమె మళ్లీ వరుసగా దర్శకత్వం వహించింది 1970లలో, 'అంతా మన మంచికే' (1972), 'అమ్మాయి పెళ్లి' (1974) వంటి చిత్రాలతో. 1982లో అన్ని పాత్రలూ పిల్లలతోనే వేయించి 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. ఈ మధ్యకాలంలో మరో ఇద్దరు నటీమణులు దర్శకత్వంలోకి వచ్చారు. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీశారు. స్త్రీలే ప్రధాన సాంకేతిక బాధ్యతలు తీసుకున్న సినిమా అది. నటిగా భానుమతికి ఏ మాత్రం తీసిపోని సావిత్రికి నిర్మాణం కలిసిరాలేదు, 1971 నాటి తమిళ చిత్రం 'ప్రాప్తం' ఆమెను అప్పుల్లోకి నెట్టింది. విజయనిర్మల 1973లో మొదలుపెట్టి నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి, ప్రపంచంలో అత్యధిక చిత్రాలు తీసిన దర్శకురాలిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆమెకూ కుటుంబంలోనే నిర్మాణ సంస్థ, అగ్రనటుడు కృష్ణ అండ ఉన్నాయి. ముగ్గురినీ పక్కపక్కన పెట్టి, ఎవరి వెనక ఏమి ఉందో పట్టికగా రాసి చూడండి.

కొత్త తరం ప్రేక్షకులకు ఆమె ఎక్కువగా తెలిసింది 1984 నాటి 'మంగమ్మగారి మనవడు'తో. కోడి రామకృష్ణ దర్శకత్వం, మనవడుగా బాలకృష్ణ. ముప్ఫై ఏళ్ల కిందట పొగరు అని తిట్టిన గుణాన్నే ఇప్పుడు నాయనమ్మలో చూసి జనం చప్పట్లు కొట్టారు. భర్త 1986లో మరణించారు. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాలుగానూ ఆమె పనిచేశారు. 2001లో పద్మభూషణ్ అందుకున్నారు.

కినుయో తనాకా 1962 తరువాత మళ్లీ దర్శకత్వం వహించలేదు. 1974 నాటి 'సందకాన్' చిత్రంలో, పరదేశపు వేశ్యాగృహానికి అమ్ముడుపోయి వృద్ధాప్యంలో ఇల్లు చేరిన ముసలమ్మగా నటించి, మరుసటి ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం పొందారు. 1977లో మరణించారు. ఆమె తీసిన ఆరు సినిమాలు పునరుద్ధరణ జరిగి ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచ చిత్రోత్సవాల్లో ప్రదర్శితమయ్యాయి, నటిగా మాత్రమే తెలిసిన ఆమెను విమర్శకులు దర్శకురాలిగా కొత్తగా చదవడం మొదలుపెట్టారు. భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. ఆమె పాటలు రేడియోలో ఇంకా వినిపిస్తాయి, 'మల్లీశ్వరి' టీవీలో ఇప్పటికీ వస్తుంది. 'చండీరాణి'ని దర్శకురాలి సినిమాగా, షాటు షాటుగా చూసి రాయవలసిన పని మాత్రం తెలుగులో ఇంకా మిగిలే ఉంది.